యూఎస్‌బీ డ్రైవర్ నత్తనడక నడుస్తోందా? తరచుగా అడిగే ప్రశ్నలు

ముందే చెప్పేస్తాను, ఇక్కడున్నదంతా లినక్స్ గురించి, అందులోనూ ఎక్కువగా యూఎస్‌బీ 2.0 హైస్పీడ్ గురించి. బల్క్ ఎండ్‌పాయింట్ (పెద్ద మొత్తంలో డేటా పంపడానికి డివైస్‌లో ఉండే యూఎస్‌బీ దారి) మీద ఆగకుండా డేటా పంపే డివైస్ ఏదో, ఏడీసీ బోర్డో (అనలాగ్ సిగ్నల్‌ని అంకెలుగా మార్చేది) లాజిక్ ఎనలైజరో, మీ బల్ల మీద ఉందనుకుని చదవండి. డ్రైవర్ మీరే రాసి ఉండొచ్చు. లేదా ఎవరో రాసి ఉద్యోగం మారిపోతే మీ నెత్తిన పడి ఉండొచ్చు, ఈ రెండోదే ఎక్కువ అనుకుంటా.

డబ్బా మీద 480 అని ఉంది, నాకు 4 ఎంబీ దాటట్లేదు. ఎవరు మోసం చేస్తున్నట్టు?

480 అనేది సెకనుకు మెగాబిట్లు. ఎనిమిదితో భాగిస్తే 60 మెగాబైట్లు (ఎంబీ), అది కూడా మొత్తం మన చేతికి రాదు. హైస్పీడ్‌లో కాలాన్ని 125 మైక్రోసెకన్ల ముక్కలుగా కోస్తారు, ఒక్కో ముక్కని మైక్రోఫ్రేమ్ అంటారు. ఒక మైక్రోఫ్రేమ్‌లో 512 బైట్ల బల్క్ ప్యాకెట్లు మహా అయితే 13 పడతాయి. సెకనుకు 8000 మైక్రోఫ్రేములు కాబట్టి 13 × 512 × 8000, అంటే 53 ఎంబీ చిల్లర. మిగతాది టోకెన్లకీ (ఎవరు మాట్లాడాలో చెప్పే చిన్న ప్యాకెట్లు), సీఆర్‌సీకీ (తప్పులు పట్టే అంకె), హ్యాండ్‌షేక్‌లకీ (అందిందనే రసీదులు), వరసగా ఆరు ఒకట్లు వస్తే మధ్యలో దూర్చే సున్నాకీ పోతుంది. ఆచరణలో 35 నుంచి 45 వస్తే బాగా వచ్చినట్టే లెక్క.

4 దగ్గర ఆగిపోతే మాత్రం అది బస్ తప్పు కాదు, నేను చూసినంతలో దాదాపు ఎప్పుడూ డ్రైవర్ రాసిన తీరే. అందరికీ ఆ 4 అనే అంకే ఎందుకు వస్తుందో రెండు ప్రశ్నల తర్వాత చెప్తాను, దానికో లెక్క ఉంది.

డ్రైవర్ కోడ్ తెరిచే ముందు ఏం చూడాలి?

డివైస్ అసలు ఏ స్పీడ్‌లో కనెక్ట్ అయిందో చూడండి. ఎల్‌ఎస్‌యూఎస్‌బీ కమాండ్‌ని చెట్టులా చూపించమంటే ప్రతి డివైస్ పక్కన 12, 480, 5000 అని ఏదో ఒకటి ఉంటుంది. అక్కడ 12 కనిపిస్తే ఇక డ్రైవర్ జోలికి వెళ్ళకండి. 12 అంటే ఫుల్‌స్పీడ్, పేరు అలా ఉన్నా హైస్పీడ్ కన్నా నెమ్మది. అందులో ప్యాకెట్ 64 బైట్లు, ఒక మిల్లీసెకనుకి అలాంటివి 19 పడతాయి, మొత్తం సెకనుకు 12 లక్షల బైట్లు. ఎన్ని రాత్రులు మేలుకున్నా అంతకు మించి రాదు.

ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. "యూఎస్‌బీ 2.0 కంపాటిబుల్" అని డేటాషీట్‌లో రాసినంత మాత్రాన 480 వస్తుందని కాదు, ఫుల్‌స్పీడ్ చిప్ కూడా చట్టబద్ధంగా ఆ మాట రాసుకోవచ్చు. రాస్ప్‌బెర్రీ పై పికోలో ఉన్న ఆర్‌పీ2040 ఫుల్‌స్పీడే. కొన్ని ఎస్‌టీఎం32 చిప్‌లలో "హెచ్‌ఎస్" అని పేరున్న పోర్టు ఉంటుంది గానీ, బయట వేరే ఫై చిప్ (వైర్ మీద సిగ్నల్ నడిపేది) పెట్టకపోతే అదీ 12 మెగాబిట్ల దగ్గరే ఆగుతుంది. బోర్డు కొనేశాక ఈ సంగతి తెలిస్తే వచ్చే బాధ వేరు.

480 బదులు 12 చూపిస్తుంటే కేబుల్ కూడా మార్చి చూడండి. ఫోన్ చార్జర్‌తో పాటు వచ్చిన సన్న కేబుల్‌తో, మధ్యలో రెండు హబ్బులతో బెంచ్‌మార్క్ చేసి "లినక్స్ స్లో" అన్నవాళ్ళని చూశాను. కేబుల్ పొడవు 5 మీటర్లు దాటకూడదు, తక్కువుంటే ఇంకా మేలు.

480 అనే చూపిస్తోంది, కేబుల్ కూడా బాగానే ఉంది. మరి టైమ్ ఎక్కడ పోతోంది?

ఖాళీల్లో పోతోంది. ఈ పేజీ మొత్తం మీద ఒక్క జవాబే చదవాలంటే ఇది చదవండి.

మీ డ్రైవర్‌లో ఒక లూప్ ఉందనుకుందాం. బల్క్ మెసేజ్ ఫంక్షన్‌ని 512 బైట్లకి పిలుస్తుంది, డేటా వచ్చేదాకా నిద్రపోతుంది, లేస్తుంది, కాపీ చేస్తుంది, మళ్ళీ పిలుస్తుంది. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, చదివితే అర్థమవుతుంది, నమూనా కోడ్‌లలో కూడా ఇలాగే ఉంటుంది. కానీ 512 బైట్ల ప్యాకెట్ బస్ మీద ఉండేది పది మైక్రోసెకన్ల లోపే. అది అయ్యాక హోస్ట్ కంట్రోలర్ (కంప్యూటర్ వైపు యూఎస్‌బీ చిప్) ఇంటరప్ట్ ఇచ్చి సీపీయూని పిలవాలి, కెర్నల్ మీ థ్రెడ్‌ని లేపాలి, థ్రెడ్ ఇంకో రిక్వెస్ట్ తయారుచేసి కంట్రోలర్‌కి అందించాలి. ఇదంతా అయ్యేసరికి ఆ మైక్రోఫ్రేమ్ కాస్తా గడిచిపోతుంది. అంటే రఫ్‌గా మైక్రోఫ్రేమ్‌కి ఒక్క ప్యాకెట్: 512 × 8000, దాదాపు 41 లక్షల బైట్లు. అందరినీ వేధించే 4 ఎంబీ ఇదే.

టిఫిన్ సెంటర్‌లో ఒకేసారి 13 దోసెలు పట్టే పెనం ఉంటుంది చూడండి, దాని మీద ఒక్క దోసె వేసి, కాలాక తీసి, ప్లేట్‌లో పెట్టి, కస్టమర్‌కి ఇచ్చి, చెయ్యి కడుక్కుని వచ్చి రెండోది వేసినట్టు. పెనం వేడి పెంచితే ఏం లాభం? అక్కడ మాస్టర్ ఏం చేస్తాడో అదే మనమూ చేయాలి, ఒక దోసె తీసేలోపే పెనం మీద మిగతావి కాలుతూ ఉండాలి.

డ్రైవర్ భాషలో చెప్పాలంటే, సింక్రొనస్ కాల్స్ (పని అయ్యేదాకా ఆగేవి) మానేసి యూఆర్‌బీలని (కెర్నల్‌లో ఒక్కో యూఎస్‌బీ రిక్వెస్ట్‌కి ఒక్కో చీటీ లాంటివి) ముందుగానే కొన్ని క్యూలో పెట్టాలి. ఒకటి పూర్తయి కంప్లీషన్ ఫంక్షన్ నడుస్తుండగా కంట్రోలర్ దగ్గర రెండోది సిద్ధంగా ఉంటుంది, దానికి సీపీయూతో పనిలేదు. కంప్లీషన్‌లో డేటాని పక్కకు అప్పగించి అదే యూఆర్‌బీని మళ్ళీ సబ్‌మిట్ చేస్తారు, అలా చక్రంలా తిరుగుతూ ఉంటుంది.

ఖాళీలే కారణమని నాకు ఎలా తెలుస్తుంది? ఊహించి చెప్తున్నారా?

ఊహ అక్కర్లేదు, యూఎస్‌బీమాన్ ఉంది, యూఆర్‌బీల రాకపోకల్ని చూపించే కెర్నల్ మాడ్యూల్. మాడ్యూల్ లోడ్ చేసి, డీబగ్‌ఎఫ్‌ఎస్‌లో (కెర్నల్ డీబగ్ ఫైళ్ళు ఉండే చోటు) మీ బస్ నంబర్ ఉన్న ఫైల్‌ని క్యాట్ చేస్తే ప్రతి యూఆర్‌బీకి రెండు లైన్లు వస్తాయి. మొదటి కాలమ్ యూఆర్‌బీ గుర్తు, రెండోది మైక్రోసెకన్లలో సమయం, మూడో కాలమ్‌లో ఎస్ అక్షరం ఉంటే సబ్‌మిట్, సి ఉంటే కంప్లీట్. వైర్‌షార్క్‌లో కూడా చూడొచ్చు, కానీ నాకు ఈ పచ్చి టెక్స్టే ఇష్టం, గ్రెప్ చేసుకోవచ్చు.

అందులో ఎస్, సి, ఎస్, సి, ఎస్, సి అని ఒకదాని తర్వాత ఒకటి వస్తుంటే మీ డ్రైవర్ ఒంటి దోసె మాస్టర్. సి నుంచి తర్వాతి ఎస్ వరకు సమయాల తేడా తీయండి, ఆ తేడాలన్నీ కూడితే ఎంత సేపు బస్‌కి పనే లేకుండా చేశారో తెలిసిపోతుంది. బాగా రాసిన డ్రైవర్‌లో మొదట్లో వరసగా ఎస్‌లు నాలుగో ఎనిమిదో పడి, ఆ తర్వాతే మొదటి సి వస్తుంది.

ఒక్క జాగ్రత్త, యూఎస్‌బీమాన్ యూఆర్‌బీలనే చూస్తుంది, వైర్ మీద జరిగేదాన్ని కాదు. డివైస్ "ఇప్పుడు నా దగ్గర లేదు" అంటూ నాక్ పంపుతుంటే అది ఇందులో కనపడదు, ఎస్‌కీ సికీ మధ్య సమయం పెరిగినట్టు మాత్రమే కనిపిస్తుంది.

ఒక్కో యూఆర్‌బీ సైజు ఎంత పెట్టాలి?

512 మాత్రం వద్దు. 16 కేబీతో మొదలుపెట్టి, 32, 64 అని పెంచుకుంటూ కొలవండి, ఒక చోటికొచ్చాక అంకె కదలడం మానేస్తుంది, అక్కడ ఆపండి. నిజానికి క్యూ పెట్టే ఓపిక లేనివాళ్ళు సింక్రొనస్ కాల్‌లోనే సైజుని 64 కేబీకి పెంచినా చాలావరకు బయటపడతారు. ఎందుకంటే 64 కేబీ బస్ మీద వెళ్ళడానికి 1.2 మిల్లీసెకన్లు పడుతుంది, దాని పక్కన 0.1 మిల్లీసెకను ఖాళీ పెద్దగా లెక్కలోకి రాదు. ఇది ఐదు నిమిషాల మార్పు, ఈ సాయంత్రమే చేసి చూడండి.

కానీ సైజు ఎప్పుడూ ప్యాకెట్ సైజుకి గుణిజంగానే ఉండాలి. 1000 బైట్ల బఫర్ ఇచ్చారనుకోండి, డివైస్ రెండో ప్యాకెట్ నిండా 512 పంపితే పట్టదు, ఓవర్‌ఫ్లో ఎర్రర్ వస్తుంది. పెద్ద సైజుల వల్ల ఇంకో తలనొప్పి, డేటా నెమ్మదిగా వచ్చే డివైస్ అయితే బఫర్ నిండేదాకా, లేదా నిండని ప్యాకెట్ ఒకటి వచ్చేదాకా మీకు ఏదీ చేతికి రాదు. కెమెరాకి పర్లేదు. మోటార్ కంట్రోల్‌కి అయితే కొంప మునుగుతుంది.

ఎన్ని యూఆర్‌బీలు క్యూలో ఉండాలి?

రెండుతోనే పెద్ద తేడా కనిపిస్తుంది, నాలుగు నుంచి ఎనిమిది చాలామందికి సరిపోతాయి. అసలు అడగాల్సింది ఇది: మీ సీపీయూ అత్యంత చెత్త సందర్భంలో ఎంతసేపు పలకకుండా ఉండగలదు, అంతసేపటికి సరిపడా బఫర్లు కంట్రోలర్ దగ్గర ఉన్నాయా? 40 ఎంబీ వేగంలో నాలుగు 16 కేబీ యూఆర్‌బీలు అంటే 1.6 మిల్లీసెకన్ల నిల్వ. డెస్క్‌టాప్ మీద పరవాలేదు గానీ, చిన్న ఆర్మ్ బోర్డు మీద ఎస్‌డీ కార్డు రాస్తూ ఇంకేదో చేస్తుంటే చాలదు.

ఉదాహరణ కావాలంటే ఆర్‌టీఎల్ ఎస్‌డీఆర్ డాంగుల్ (కంప్యూటర్‌తో రేడియో వినే పరికరం) లైబ్రరీ చూడండి. అది డీఫాల్ట్‌గా 15 బఫర్లు, ఒక్కోటి 2,62,144 బైట్లు పెడుతుంది. సెకనుకు 24 లక్షల శాంపిళ్ళు, శాంపిల్‌కి రెండు బైట్లు అంటే 4.8 ఎంబీయే, అయినా అంత నిల్వ ఎందుకంటే స్పీడ్ కోసం కాదు, ఒక్క శాంపిల్ కూడా జారిపోకుండా. దాదాపు 0.8 సెకను సరుకు గోదాంలో ఉన్నట్టు.

కంప్లీషన్ ఫంక్షన్‌లో ఏం చేయొచ్చు?

వీలైనంత తక్కువ. అది నిద్రపోకూడని చోట నడుస్తుంది, మ్యూటెక్స్ (దొరికేదాకా నిద్రపుచ్చే తాళం) పట్టకూడదు, మెమరీ అడిగితే అటామిక్ ఫ్లాగ్‌తోనే (నిద్రపోకుండా ఇమ్మని) అడగాలి. పాయింటర్‌ని రింగ్‌లో పెట్టి, చదివే థ్రెడ్‌ని లేపి, యూఆర్‌బీని మళ్ళీ పంపి బయటకు వచ్చేయాలి. డేటాని విడదీయడం, చెక్‌సమ్ వేయడం, ఫార్మాట్ మార్చడం, ఇవన్నీ బయట.

నా కథ ఒకటి చెప్తాను. ఒక ఏడీసీ బోర్డు, యూఎస్‌బీ వైపు సైప్రస్ ఎఫ్‌ఎక్స్2 చిప్. క్యూ పెట్టాను, సైజు పెంచాను, ల్యాప్‌టాప్ మీద 38 ఎంబీ వస్తోంది. అదే డ్రైవర్ కస్టమర్‌కి ఇవ్వాల్సిన ఆర్మ్ బోర్డు మీద వేస్తే డేటాలో గండ్లు, స్పీడ్ పదికి పడిపోయింది. రెండు రోజులు డీఎంఏని (సీపీయూ చెయ్యి పడకుండా డేటాని మెమరీకి చేర్చే ఏర్పాటు) తిట్టాను, హబ్‌ని తిట్టాను, ఆ చిప్ డ్రైవర్ రాసినవాళ్ళ ఏడుతరాలని తలుచుకున్నాను. తీరా చూస్తే, డీబగ్ కోసం కంప్లీషన్‌లో నేనే పెట్టుకున్న ఒక్క ప్రింట్‌కే (కెర్నల్ లాగ్‌లో రాసే ఫంక్షన్) లైన్. ల్యాప్‌టాప్‌లో అది మెమరీలోకి పోతుంది, ఏమీ కాదు. ఆ బోర్డులో కన్సోల్ సీరియల్ పోర్ట్ మీద 115200 బాడ్‌తో ఉంది. అంటే సెకనుకు 11,520 అక్షరాలు, 80 అక్షరాల లైన్‌కి 7 మిల్లీసెకన్లు. నా నాలుగు యూఆర్‌బీల నిల్వ 1.6. ఎఫ్‌ఎక్స్2 లోపలి ఫిఫో (డేటా వరసగా ఆగే చోటు) మొత్తం 4 కేబీ, అది ఇంకో 100 మైక్రోసెకన్లలో నిండిపోతుంది. ఆ తర్వాత ఏడీసీ ఇచ్చే ప్రతి బైటూ గాల్లో కలిసినట్టే. లైన్ తీసేశాను, సరిపోయింది. రెండు రోజుల పనిని టైమ్‌షీట్‌లో ఏమని రాయాలో మాత్రం తోచలేదు.

మెమరీ కాపీలు తీసేస్తే స్పీడ్ పెరుగుతుందట, నిజమేనా?

యూఎస్‌బీ 2.0 లో, మామూలు పీసీ మీద, పెరగదు. 40 ఎంబీని ఒకసారి కాపీ చేయడం నేటి సీపీయూకి పనే కాదు. ఖాళీలు సరిచేయకుండా జీరో కాపీ వెంట పడటం అంటే గుర్రం లేకుండా జీను కొన్నట్టు.

చిన్న బోర్డుల మీద ఇది తిరగబడుతుంది కూడా. "డీఎంఏ కోహెరెంట్ మెమరీ వాడితే ఫాస్ట్" అని చదివి యూఎస్‌బీ అలాక్ కోహెరెంట్‌తో బఫర్లు తెస్తారు. క్యాష్ కోహెరెన్సీ లేని (సీపీయూ క్యాష్‌ని డీఎంఏతో హార్డ్‌వేరే సరిచూసుకోని) ఆర్మ్ చిప్‌ల మీద ఆ మెమరీ క్యాష్ కాదు. డీఎంఏ వరకు బాగానే ఉంటుంది, కానీ సీపీయూ దాన్ని చదవబోతే ప్రతి చదువూ ర్యామ్ దాకా నడిచి వెళ్ళాలి. మామూలు కెమలాక్ బఫర్ (కెర్నల్ ఇచ్చే సాధారణ మెమరీ), అవసరమైనప్పుడు డీఎంఏకి మ్యాప్, ఇదే చాలాసార్లు గెలుస్తుంది. రెండూ పెట్టి కొలవండి, నా మాట కూడా నమ్మకండి.

బల్క్ బదులు ఇంటరప్ట్ గానీ ఐసోక్రోనస్ గానీ వాడితే?

ఇవి బల్క్ కాని మరో రెండు ఎండ్‌పాయింట్ రకాలు. స్పీడ్ కోసమైతే వద్దు. హైస్పీడ్‌లో ఆ రెండూ మైక్రోఫ్రేమ్‌కి మూడు 1024 బైట్ల ప్యాకెట్ల దగ్గర ఆగుతాయి, అంటే సెకనుకు 24.5 ఎంబీ. బదులుగా వాటికి రిజర్వేషన్ సీటు ఉంటుంది. బల్క్ అంటే జనరల్ బోగీ, రైలు ఖాళీగా ఉంటే కాళ్ళు చాపుకుని పడుకోవచ్చు, రద్దీ ఉంటే తలుపు దగ్గర నిలబడాలి. పైగా ఐసోక్రోనస్‌లో తప్పు వస్తే మళ్ళీ పంపడం ఉండదు, వీడియోకి పర్లేదు గానీ కొలతల డేటాకి పనికిరాదు.

హోస్ట్ వైపు అంతా సరిచేశాను, ఇంకా 20 దాటట్లేదు.

అయితే డివైస్‌ని అనుమానించాల్సిన సమయం వచ్చింది. ఫర్మ్‌వేర్‌లో ఏడీసీని పక్కన పెట్టి, ఉట్టి లెక్కపెట్టే అంకెల్ని పంపించే మోడ్ ఒకటి రాయండి. దానితో 40 వస్తే మీ డేటా వచ్చే దారి స్లో, అప్పుడూ 20 వస్తే ఎండ్‌పాయింట్ సెటప్ స్లో. ఎఫ్‌ఎక్స్2 లాంటి వాటిలో ఎండ్‌పాయింట్‌కి రెండు, మూడు, నాలుగు బఫర్లు పెట్టుకోవచ్చు. ఒక్కటే ఉంటే అది నింపేటప్పుడు బస్‌కి నాక్, పంపేటప్పుడు ఏడీసీకి ఆగమనడం. దోసె కథే, ఈసారి అవతలి వంటింట్లో. మైక్రోకంట్రోలర్ ప్రతి బైట్‌నీ తన చేత్తో మోస్తుంటే కూడా ఇంతే, డీఎంఏకి గానీ ఎఫ్‌ఎక్స్2 స్లేవ్ ఫిఫోకి గానీ అప్పగించాలి.

నాది యూఎస్‌బీ టు సీరియల్ కన్వర్టర్. బాడ్ రేట్ ఎంత పెంచినా సెకనుకు 60 సార్లకు మించి ప్రశ్న-జవాబు జరగట్లేదు.

చిప్ ఎఫ్‌టీడీఐ కంపెనీది అయి ఉంటుంది. 60 అనే అంకె చూడగానే చెప్పేయొచ్చు. ఆ చిప్ తన ప్యాకెట్ నిండేదాకా గానీ, లేటెన్సీ టైమర్ అయిపోయేదాకా గానీ డేటా పంపదు. ఆ టైమర్ డీఫాల్ట్ 16 మిల్లీసెకన్లు. మీ డివైస్ ఇచ్చే జవాబు పది బైట్లే, ప్యాకెట్ నిండదు, కాబట్టి ప్రతి జవాబూ 16 మిల్లీసెకన్లు చిప్ లోపల కూర్చుని వస్తుంది. 1000ని 16తో భాగిస్తే 62.

సిస్‌ఎఫ్‌ఎస్‌లో (కెర్నల్ సెట్టింగులు ఫైళ్ళుగా కనిపించే చోటు) యూఎస్‌బీ సీరియల్ డివైసెస్ కింద మీ టీటీవై (సీరియల్ పోర్ట్) పేరుతో ఉన్న ఫోల్డర్‌లో లేటెన్సీ టైమర్ అనే ఫైల్ ఉంటుంది, అందులో 1 అని రాయండి. విండోస్‌లో అయితే డివైస్ మేనేజర్‌లో పోర్ట్ అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో దొరుకుతుంది. లినక్స్‌లో రాసింది రీబూట్ అయితే పోతుంది, ఒక యూడెవ్ రూల్ (డివైస్ కనెక్ట్ అవగానే దానంతట అదే నడిచేది) రాసి పెట్టుకోండి. ఇంకో విషయం, ఎఫ్‌టీ232ఆర్‌లో 64 బైట్ల ప్యాకెట్‌లో మొదటి రెండూ స్టేటస్‌వి, మీకు మిగిలేది 62. పెద్ద మొత్తంలో డేటా లాగేవాళ్ళు రిక్వెస్ట్ సైజులు లెక్కేసేటప్పుడు ఇది మర్చిపోతుంటారు.

పికో లాంటి బోర్డు నేరుగా సీరియల్ పోర్ట్‌లా కనిపిస్తుంటే మాత్రం బాడ్ రేట్ ఉత్తి అలంకారం. 9600 పెట్టినా 115200 పెట్టినా డేటా యూఎస్‌బీ వేగంతోనే వస్తుంది.

చివరి ముక్క ఎప్పుడూ ఇరుక్కుపోతుంది, టైమ్‌అవుట్ అయ్యాకే వస్తోంది.

మీ డేటా సరిగ్గా 512కి గుణిజమా? అయితే చివర్న సున్నా బైట్ల ప్యాకెట్ ఒకటి పంపాలి, లేకపోతే అవతలివాళ్ళకి అయిపోయిందని తెలియదు. హోస్ట్ నుంచి పంపేటప్పుడు యూఆర్‌బీ జీరో ప్యాకెట్ ఫ్లాగ్ పెట్టండి, డివైస్ నుంచి అయితే ఫర్మ్‌వేర్‌లో.

పెన్‌డ్రైవ్‌లకి, హార్డ్ డిస్కులకి కూడా ఇవే వర్తిస్తాయా?

అక్కడ డ్రైవర్ ఎవరో మంచివాళ్ళు ముందే రాసిపెట్టారు. మీరు తిప్పగలిగింది ఒకటే మర, బ్లాక్ డివైస్ కింద మ్యాక్స్ సెక్టార్స్ ఫైల్. యూఎస్‌బీ 2.0 లో అది 240, అంటే ఒక కమాండ్‌కి 120 కేబీ. 1024 కి పెంచి చూడొచ్చు, కొన్ని పాత డబ్బాలు తట్టుకోలేవు, ఖాళీ డిస్క్ మీదే ప్రయత్నించండి. ఎస్‌ఎస్‌డీ అయితే యూఏఎస్ డ్రైవర్ (ఒకేసారి చాలా కమాండ్లు పంపగలిగేది) పట్టుకుందో లేదో చూడండి, పాత పద్ధతిలో ఒక కమాండ్ పూర్తయ్యేదాకా రెండోది వెళ్ళదు.

కెర్నల్ డ్రైవర్ ఎందుకు, లిబ్‌యూఎస్‌బీతో (మామూలు ప్రోగ్రామ్ నుంచే యూఎస్‌బీ నడిపే లైబ్రరీ) చేస్తే పోలా?

పోతుంది. అసింక్ ట్రాన్స్‌ఫర్లు వాడితే అదే వేగం వస్తుంది, నేను ఈ మధ్య కొత్త ప్రాజెక్టులన్నీ అలాగే మొదలుపెడుతున్నాను, క్రాష్ అయితే ప్రోగ్రామ్ ఒక్కటే పోతుంది కదా. గుర్తుంచుకోవాల్సింది యూఎస్‌బీఎఫ్‌ఎస్ (లిబ్‌యూఎస్‌బీ కెర్నల్‌తో మాట్లాడే దారి) మెమరీ పరిమితి, డీఫాల్ట్‌గా 16 ఎంబీ, అన్ని డివైస్‌లకీ కలిపి. రెండు కెమెరాలు ఒకేసారి నడవట్లేదంటే చాలాసార్లు ఇదే. బూట్ పారామీటర్‌తో పెంచుకోవచ్చు.

యూఎస్‌బీ 3కి మారిపోతే గొడవ వదిలిపోతుందా?

5 గిగాబిట్లలో ఎన్‌కోడింగ్ పోను 500 ఎంబీ, చేతికి అందేది అంతకన్నా తక్కువ. ప్యాకెట్ 1024 బైట్లు, ఒక బర్స్ట్‌లో (ఆగకుండా పంపే విడత) 16 దాకా. కానీ ఒంటి దోసె డ్రైవర్‌ని అలాగే తీసుకెళ్తే అక్కడా పెనం ఖాళీగానే ఉంటుంది, ఇంకా ఎక్కువ ఖాళీగా. బర్స్ట్ సైజుని డిస్క్రిప్టర్‌లో (డివైస్ తన గురించి చెప్పుకునే పట్టిక) సరిగా పెట్టారో లేదో చూసి, యూఆర్‌బీ సైజు 256 కేబీ దాకా పెంచి కొలవండి.

యూఆర్‌బీలు ఎనిమిది పెట్టాక, నడుస్తుండగా కేబుల్ పీకితే కెర్నల్ పడిపోతోంది. ముందు బాగానే ఉండేది.

ముందు క్యూలో ఒక్కటే ఉండేది, అదృష్టం బాగుండి తప్పించుకున్నారు. ఇప్పుడు డిస్‌కనెక్ట్ ఫంక్షన్ మెమరీ వదిలేస్తుండగా మిగతా ఏడింటి కంప్లీషన్లు వచ్చి అదే మెమరీని తాకుతున్నాయి. యూఆర్‌బీలన్నిటినీ ఒక యాంకర్‌కి (అన్నిటినీ కలిపి పట్టుకునే జాబితా) కట్టండి. డిస్‌కనెక్ట్‌లో ముందు "ఆగిపోతున్నాం" అనే ఫ్లాగ్, తర్వాత యాంకర్‌లోవన్నీ కిల్, ఆ కిల్ ఫంక్షన్ కంప్లీషన్లు పూర్తయ్యేదాకా ఆగి వస్తుంది, అప్పుడే బఫర్లు వదలండి. కంప్లీషన్‌లో స్టేటస్ షట్‌డౌన్ అనో, నో ఎంట్ అనో, కనెక్షన్ రీసెట్ అనో వస్తే మళ్ళీ సబ్‌మిట్ చేయకుండా ఊరికే వెనక్కి వచ్చేయాలి. కొంతమంది ఫ్లాగ్ పెట్టడం మర్చిపోయి కిల్ ఒక్కటే రాస్తారు, ఒకటి చంపుతుంటే ఇంకోటి తనని తాను మళ్ళీ క్యూలో పెట్టుకుంటుంది. పది సార్లు పీకి చూడండి, పదకొండోసారి పడిపోతే కారణం అదే.